హెరాల్డ్ అనుకున్నాం, గజెల్ అని తేలింది

చెన్నై అయనావరంలో మా పెదనాన్న ఇల్లు అమ్మడం ఖాయం అయ్యాక, వెనక షెడ్డు ఖాళీ చేసే పని నా మీద పడింది. "ఆ హెరాల్డ్ కారు సామాను సంగతి నువ్వే చూడాలిరా, కొనేవాళ్ళు నెలాఖరుకి తాళాలు అడుగుతున్నారు" అని అక్క ఫోన్ చేసింది. నేనుండేది పెరంబూరులో, పావుగంట దారి. రెండు ఆదివారాల్లో తేలిపోతుందనుకున్నాను. నాలుగు నెలలు పట్టింది.

పెదనాన్న ముప్పై ఏళ్ళకు పైగా లేత్ వర్క్‌షాపు నడిపారు. ఆయన పోయి పదకొండేళ్ళు. కారు అంతకు చాలా ముందే మూలపడింది. తలుపులు, టాప్ తుప్పు పట్టి ఎప్పుడో పాత ఇనుప సామాను వాడి బండెక్కాయి. ఇటుకల మీద నిలబెట్టిన చాసిస్, దాని కింద వెనక యాక్సిల్, టార్పాలిన్ కప్పిన ఇంజన్, నాలుగు చక్రాలు, మూడు ట్రంకు పెట్టెల నిండా స్పేర్ పార్ట్స్ మిగిలాయి. ఇవి కాక గోడవారన గోనెసంచులు.

ముందు పుదుపేట నుంచి ఒకాయన్ని పిలిచాను. కూవం నది ఒడ్డున పాత బండ్లు విప్పి అమ్మే ఆ వీధులు తెలియని మెకానిక్ చెన్నైలో ఉండడు. ఆయన పది నిమిషాలు అటూ ఇటూ చూసి, మొత్తానికి 9,000 ఇస్తానన్నాడు. సరే అనబోయాను. అదే సమయానికి పెదనాన్న దగ్గర పని నేర్చుకున్న మేస్త్రీ, పాత బెంచి వైస్ తీసుకెళ్దామని వచ్చాడు. చిత్తూరు వైపు మనిషి. ట్రంకు మూత ఎత్తి చూసి, "మొదలాళి ఒక్కో సామాను కాగితం చుట్టి, ఆయిల్ పూసి పెట్టినాడు తమ్ముడూ. తూకానికి ఇచ్చేస్తారా?" అన్నాడు. ఆ మాటకి నా ముఖం చెల్లలేదు. పుదుపేట ఆయనకి టీ ఇప్పించి పంపేశాను.

అసలు ఇది ఏ బండి? ఇంట్లో అందరూ హెరాల్డ్ అనే అనేవాళ్ళు. స్టాండర్డ్ హెరాల్డ్ మన ఊరి బండి. వండలూరు దగ్గరి స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఫ్యాక్టరీలో 1961 నుంచి తయారైంది. ఇటలీకి చెందిన మిచెలోటి గీసిన ట్రయంఫ్ హెరాల్డ్‌కి ఇది ఇక్కడి రూపం. ఇంగ్లండులో రెండు తలుపులతోనే వచ్చిన బండికి మనవాళ్ళు తర్వాత నాలుగు తలుపులు పెట్టారు. మద్రాసులో తయారైన కారు అని పెదనాన్న గర్వంగా చెప్పేవారు.

అనుమానం మొదలైంది వెనక యాక్సిల్ దగ్గర. హెరాల్డ్‌లో డిఫరెన్షియల్, అంటే ఇంజన్ శక్తిని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల పెట్టె, చాసిస్‌కే బిగించి ఉంటుంది. దాని మీద అడ్డంగా ఒకే ఒక కమాన్ కట్ట (లీఫ్ స్ప్రింగ్), దాని రెండు కొసల్లో రెండు చక్రాలు. ఏ చక్రం దానికదే పైకీ కిందకీ ఆడుతుంది. మా చాసిస్ కింద ఉన్నది అలా లేదు. ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే హౌసింగ్, మధ్యలో డిఫరెన్షియల్, అంతా ఒక్కటే ముద్ద. కానీ గోనెసంచి విప్పితే అందులో హెరాల్డ్ అడ్డ కమాన్ కట్ట ఉంది! పక్కనే విడిగా ఇంకో డిఫరెన్షియల్ కేసింగ్. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో దాని మీది జిడ్డు తుడుస్తుంటే పోతలో ఒక్కో అక్షరం పైకి తేలింది: స్టాన్‌పార్ట్. స్టాండర్డ్-ట్రయంఫ్ వాళ్ళు తమ భాగాల మీద వేసుకునే గుర్తు అది. ఒకే షెడ్డులో రెండు రకాల వెనక భాగాలు ఎందుకున్నాయో నాకు అర్థం కాలేదు.

ఆ ముడి విప్పింది పెద్దమ్మ. "మొదట కొన్నది రెండు తలుపులది. నేను వెనక కూర్చోవాలంటే ముందు సీటు వంచాల్సి వచ్చేది. అది అమ్మేసి, మీ అక్క పుట్టాక నాలుగు తలుపులది కొన్నారు" అంది. అంటే మొదటి బండి హెరాల్డ్. దాని స్పేర్లు ఆయన దాచుకున్నారు. రెండోది, ఇప్పుడు మిగిలినది, 1972లో వచ్చిన స్టాండర్డ్ గజెల్. హెరాల్డ్ వెనక చక్రాల అమరిక ఇక్కడి కొనుగోలుదారులకీ మెకానిక్కులకీ అంతగా నచ్చలేదు. అందుకే కంపెనీ గజెల్‌కి ఇలా ఒక్కటే యాక్సిల్ పెట్టింది. 1977తో అది ఆగిపోయింది. అయిదారేళ్ళే తయారైన బండి కాబట్టే హెరాల్డ్ కంటే అరుదు. తర్వాత బీరువాలో పాత ఎల్‌ఐసీ కవరులో ఆర్సీ పుస్తకం దొరికింది. 1974, గజెల్ అని అందులో స్పష్టంగా ఉంది. మనిషి పేరే తప్పు పిలుస్తూ వచ్చినట్టు అనిపించింది నాకు.

ఇంజన్ సంగతి మేస్త్రీ చూశాడు. హెరాల్డ్‌కీ గజెల్‌కీ ఒకటే 948 సీసీ ఇంజన్. బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 63 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 76. మా బ్లాకులో బోరు కొలిస్తే 64 వచ్చింది. "40 సైజు బోరు కొట్టించినారు" అన్నాడు. అంటే సిలిండర్‌ని లోపల చెక్కించి వెడల్పు చేయించారన్నమాట. వెయ్యో వంతు ఇంచీల్లో 40 అంటే ఒక మిల్లీమీటరు పైచిలుకు, లెక్క సరిపోయింది. పెట్టెలో విప్పని పిస్టన్ సెట్లు రెండు ఉన్నాయి, ఒకటి స్టాండర్డ్ సైజు, ఒకటి 40.

ఇక్కడే నేను ఒక తప్పు చేశాను. ఫొటోలతో పాటు "948 సీసీ పిస్టన్ సెట్" అని మాత్రమే రాసి నాలుగైదు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. మైసూరు నుంచి ఒకాయన మోరిస్ మైనర్ 1000 కోసమని వెంటనే డబ్బు పంపేశారు. పార్సిల్ కట్టే ముందు మేస్త్రీకి చెబితే తల పట్టుకున్నాడు. ఆ మైనర్ ఇంజన్ కూడా 948 సీసీయే, కానీ అది వేరే కుటుంబం, బోరు దాదాపు 62.9, స్ట్రోకు 76.2. సీసీ ఒకటైనంత మాత్రాన పిస్టన్ ఒకటి కాదు. ఆ పెద్దాయనకి ఫోన్ చేసి, క్షమాపణ చెప్పి, డబ్బు తిరిగి పంపాను. ఆయన ఏమీ అనలేదు కానీ నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరి ఇంజనో పాడయ్యేది.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. నేల మీద చాక్‌పీసుతో మూడు గళ్ళు గీశాను. గజెల్‌కి మాత్రమే, హెరాల్డ్‌కి మాత్రమే, రెండింటికీ. ఏదీ అని తేలని వస్తువు నాలుగో మూల. ప్రతి ఫొటోలో పక్కన స్టీలు స్కేలు. కొలత తీయకుండా ఏదీ రాయలేదు. చక్రాలకి కూడా 13 అంగుళాలు, నాలుగు బోల్టులు, బోల్టుల వలయం 3.75 అంగుళాలు అని రాశాను. నట్లూ బోల్టులూ ఇంచీ మరలు కాబట్టి వాటిని విడిగా డబ్బాల్లో పోశాం. బండ్ల స్పేర్ పార్ట్స్ అమ్మే జి.పి. రోడ్డులో రెండు షాపుల్లో తిరిగి ఇప్పుడు ఏవి దొరుకుతాయో, ఏవి దొరకవో అడిగాను. బేరింగులు, ఆయిల్ సీళ్ళ లాంటివి సైజు చెబితే ఇస్తామన్నారు. అవి మేం చవకగా ఇచ్చేశాం. దొరకనివాటికే ధర నిలబడింది.

హెరాల్డ్ ముందు చక్రాల ట్రనియన్లు (స్టీరింగ్ తిప్పితే చక్రం తిరిగే కింది కీళ్ళు) జత ఒక హార్లిక్స్ సీసాలో గేర్ ఆయిల్లో మునిగి ఉన్నాయి. వాటికి గ్రీజు కాకుండా ఆయిలే పట్టించాలి. గ్రీజు పెడితే మర లోపల అరిగి, పట్టేసి, ఒకరోజు విరిగి చక్రం వాలిపోతుంది. తెలియక గ్రీజు కొట్టిన బండ్లు ఎన్నో పాడయ్యాయి. పెదనాన్న అట్ట ముక్క మీద నీలి సిరాతో "గ్రీజు వద్దు" అని తెలుగులో రాసి సీసాకి దారంతో కట్టారు. బెంగళూరు హెరాల్డ్ యజమానికి ఆ సీసా అలాగే, అట్టతో సహా పంపాను. అడ్డ కమాన్ కట్ట, స్టాన్‌పార్ట్ కేసింగ్ కూడా ఆయనే తీసుకున్నారు. గజెల్ యాక్సిల్, ఇంజన్ బ్లాకు, చక్రాలు కోయంబత్తూరు వెళ్ళాయి. నడిచే గజెల్ ఉన్న మనిషి ఆయన. ఇంకొకరు రెండు వేలు ఎక్కువ ఇస్తానన్నా అక్క ఒప్పుకోలేదు. బండిలో బిగించేవాళ్ళకే ఇద్దామంది, నాకూ అదే సరి అనిపించింది.

ఒక బ్రోకరు మాత్రం సామాను ముట్టుకోకుండా, చాసిస్ నంబరు ప్లేటు, ఆర్సీ పుస్తకం ఇస్తే 40,000 అన్నాడు. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు నిండిన, అసలు రూపం చెడని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. మా కాగితాలు తగిలించి ఏదో అతుకుల బండిని 1974 గజెల్ అని నిలబెట్టడానికే అంత డబ్బు. కుదరదని చెప్పాం. పెదనాన్న పేరున ఉన్న పుస్తకం అది.

బండి పనికిరాకుండా పోతే 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలని చట్టం. మేం ఏళ్ళ తరబడి ఆలస్యం. వారసత్వ ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం, ఫొటోలు, నంబరు ఉన్న చాసిస్ ముక్క కోసి అన్నీ పట్టుకుని ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగితే రిజిస్ట్రేషన్ రద్దయింది. నంబరు పోయిన తర్వాతే మిగతా చాసిస్ తూకానికి ఇచ్చాం.

ఖర్చులు పోను 61,500 మిగిలింది. మేస్త్రీ డబ్బు తీసుకోనంటే, వైస్‌తో పాటు పెదనాన్న మైక్రోమీటరు ఇచ్చాం. ఆయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, పైన అరచెయ్యి ఆనించుకుని మెట్లు దిగాడు.

తాళాలు ఇచ్చే రోజు ఖాళీ ట్రంకులు కూడా పాత సామానుకి వేయబోతుంటే పెద్దమ్మ ఆపింది. "ఆ నల్లది నా పెళ్ళికి మా నాన్న ఇచ్చిందిరా. మీ పెదనాన్న అడక్కుండా తీసుకెళ్ళి ఇనుము నింపారు. కడిగి పట్రా." కిరోసిన్‌తో ఒకసారి, కుంకుడు నురగతో రెండుసార్లు తోమాను. గేర్ ఆయిల్ వాసన ఇంకా పూర్తిగా పోలేదు. పెద్దమ్మ లోపల వేపాకు పరిచి, పట్టుచీరలు కొత్త ఫ్లాటులో అందులోనే పెట్టుకుంది.