నడుము కండరం, ఒక మిల్లీమీటరు తేడా

ఫిజియోథెరపిస్టుగా, చర్మానికి ఆనించి లోపలి కండరాన్ని చూసే అల్ట్రాసౌండ్ ప్రోబు చేతపట్టిన తొలి రోజుల్లో ఒకరి నడుమును కొలిచి, ఎడమ పక్క కండరం కుడి పక్క కండరం కంటే దాదాపు నాలుగు మిల్లీమీటర్లు పలచగా ఉందని రాసుకున్నాను. ఆయనకు నడుము నొప్పి లేదు, అంతకుముందు వచ్చిన దాఖలా కూడా లేదు. నేను మంచానికి కుడివైపున నిలబడి, ఎడమ పక్కను అందుకోవడానికి ముందుకు వంగినప్పుడు నా బరువంతా ప్రోబు మీద పడిందన్న సంగతి కాసేపటికి గాని తట్టలేదు. అటువైపుకు వెళ్లి, జెల్ మరికొంచెం వేసి, చెయ్యి తేలిక చేసి మళ్లీ కొలిస్తే ఆ తేడాలో చాలా భాగం మాయమైంది. అప్పటినుంచి ఈ పరీక్షలో ఏ అంకె వచ్చినా ముందు నా మణికట్టునే అనుమానిస్తాను.

మేము ఎక్కువగా కొలిచేది మల్టీఫిడస్ అనే కండరాన్ని. వెన్నెముకకు ఇరువైపులా, పూసలకు అంటుకొని ఉండే ఈ కండరం నడుము దిగువకు వచ్చేకొద్దీ లావవుతుంది. చర్మమూ, కొవ్వూ, బిగుతైన ఒక పొరా దానిపై కప్పి ఉంటాయి కాబట్టి వేళ్లతో తడిమి దాని మందాన్ని చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఎం.ఆర్.ఐ. దాన్ని చక్కగా చూపుతుంది గాని, కండరం బిగుసుకుంటూ ఉండగా అక్కడికక్కడే చూసే సౌలభ్యం అల్ట్రాసౌండ్‌లో ఉంది.

యంత్రం నిజానికి దూరాన్ని కాదు, కాలాన్ని కొలుస్తుంది. ధ్వని శరీరంలో సెకనుకు 1540 మీటర్ల వేగంతో పోతుందన్న లెక్కతో, ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని లోతుగా మారుస్తుంది. 30 మిల్లీమీటర్ల లోతుకు పోయి రావడానికి సుమారు 39 మైక్రోసెకన్లు పడుతుంది. కొవ్వులో ధ్వని ఇంతకంటే నెమ్మదిగా, కండరంలో కొంచెం వేగంగా పోతుంది కాబట్టి ఆ లెక్కలోనే చిన్న పొరపాటు దాగి ఉంటుంది. అయితే చేతి వల్ల వచ్చే పొరపాటు ముందు అది లెక్కలోకి రానంత స్వల్పం.

మనిషిని బోర్లా పడుకోబెట్టి, నడుము వంపు తగ్గేలా పొట్ట కింద దిండు పెడతాము. వంపు ఉన్న ప్రోబును వెన్నెముకకు ఒక పక్కన నిలువుగా ఆనించి, ముందు వెన్నెముక అడుగున ఉండే త్రికాస్థిని గుర్తుపట్టి, అక్కడినుంచి పైకి ఒక్కొక్క ఫాసెట్ కీలునూ, అంటే పూసలను వెనుకవైపు కలిపే చిన్న కీలునూ, లెక్కపెట్టుకుంటూ నాలుగో, ఐదో నడుము పూసల మధ్య కీలు దగ్గర ఆగుతాము. ఆ కీలు తెల్లటి గుట్టలా కనిపిస్తుంది. దాని కొననుంచి కండరాన్ని కప్పిన పొర లోపలి అంచు వరకు గీసిన గీతే మందం. లెక్కలో ఒక్క కీలు తప్పితే మరో పూస దగ్గర కొలిచినట్టవుతుంది, కాని తెర మీది బొమ్మ మాత్రం అంతే అందంగా ఉంటుంది. తొలిసారి నేర్చుకునేవారు నాకు తెలిసి ఇక్కడే ఎక్కువగా బోల్తా పడతారు.

కండరం పని చేసే తీరును చూడటానికి, కొలిచే పక్కకు ఎదురు పక్కన ఉన్న చేతిని చిన్న బరువుతో కొద్దిగా పైకి ఎత్తమంటాము. విశ్రాంతిలో 28 మిల్లీమీటర్లున్న కండరం 34 అయిందనుకుంటే పెరుగుదల సుమారు 21 శాతం. విశ్రాంతి కొలతను ఒక్క మిల్లీమీటరు తక్కువగా, అంటే 27గా చదివితే అదే పెరుగుదల 26 శాతమవుతుంది. గీత చివరను తెర మీద కొద్దిగా జరిపినంత మాత్రాన చికిత్స ఫలించినట్టు కనిపించడానికి ఈ తేడా చాలు. అందుకే మూడుసార్లు కొలిచి సగటు తీసుకుంటాము, ప్రతిసారీ ప్రోబును పూర్తిగా ఎత్తి మళ్లీ ఆనిస్తాము. ఎత్తకుండా తీసిన మూడు బొమ్మలు ఒకే బొమ్మకు మూడు నకళ్లు.

ఈ కొలతకు గుర్తింపు తెచ్చిన పరిశోధనల్లో ఆస్ట్రేలియాకు చెందిన జూలీ హైడ్స్ బృందం చేసినవి ముఖ్యమైనవి. కొత్తగా నడుము నొప్పి వచ్చినవారిలో నొప్పి ఉన్న పక్కనే మల్టీఫిడస్ చిక్కిపోయినట్టు 1994లో చూపారు. నొప్పి తగ్గినంత మాత్రాన కండరం దానంతటదే కోలుకోదని 1996లో ప్రకటించారు. ఆ రెండో మాట నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది, ఎందుకంటే నొప్పి పోయిందని సంతోషంగా వెళ్లిపోయే మనిషిని ఆపి, ఇంకా కొన్ని వారాలు వ్యాయామం చేయమనడానికి చేతిలో ఏదో ఒక ఆధారం ఉండాలి.

అయినా మందం బలం కాదు. కండరం కొద్దిగా బిగిసినప్పుడు మందం పెరుగుదలకూ, పని చేసేటప్పుడు కండరంలో పుట్టే విద్యుత్ చర్యకూ పొంతన కుదురుతుంది, గట్టిగా బిగించేకొద్దీ ఆ పొంతన సడలుతుంది. పైగా కండరంలో కొవ్వు చేరినప్పుడు అది బొమ్మలో తెల్లగా మెరుస్తూ, మందం తగ్గకుండానే నాణ్యత తగ్గిందని చెబుతుంది. గీత మాత్రం కొవ్వునూ కండరంగానే లెక్కిస్తుంది. అందుకే నివేదికలో అంకె పక్కన బొమ్మ ఎంత తెల్లగా ఉందో కూడా ఒక వాక్యం రాస్తాను.

ఇప్పుడు నేను బొమ్మలు తీసి, ఏ పక్కన నొప్పి ఉందో తెలియని సహోద్యోగికి ఇస్తాను. గీతలు గీసేది ఆయనే.