నైబర్ పట్టిక చదవడం నేర్పిన ల్యాబ్

కళాశాలలో నేర్చుకున్న వాటిలో ఈనాటికీ ప్రతి షిఫ్టులో నాకు పనికివస్తున్నది ఏమిటని ఎవరైనా అడిగితే, కంప్యూటర్ నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో మాకు ఓఎస్‌పీఎఫ్ నేర్పిన పద్ధతి అని తడుముకోకుండా చెబుతాను. రూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని ప్యాకెట్లకు దారులు తేల్చుకునే ఆ ప్రోటోకాల్‌ను కాన్ఫిగర్ చేసే కమాండ్లు ఏ మాన్యువల్‌లోనైనా దొరుకుతాయి. కానీ రెండు రూటర్ల మధ్య సంబంధం కుదరనప్పుడు ముందు ఏది చూడాలో, ఏది తేలేవరకు కాన్ఫిగరేషన్ మోడ్‌లోకి వెళ్లకూడదో మాకు పట్టుబట్టి అలవాటు చేసినవారు మా నెట్‌వర్క్స్ మాస్టారు. ఈ సంచిక చదివే విద్యార్థుల్లో ఇప్పుడు అదే ల్యాబ్‌లో కూర్చుంటున్నవారు కూడా ఉంటారు కనుక, ఆ పద్ధతిని నాకు అర్థమైనంతలో వివరంగా రాయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఓఎస్‌పీఎఫ్ మొదటి తరగతిలో మాస్టారు ఒక్క కమాండ్ కూడా చెప్పలేదు. అప్పటికి మేము రిప్ ప్రోటోకాల్‌తో ప్రయోగాలు పూర్తిచేసి ఉన్నాం. అందులో రూటర్ తన పొరుగు రూటర్ చెప్పిన దూరాన్ని నమ్మి, దానికి తన వంతు కలిపి, తర్వాతి రూటర్‌కు చెబుతుంది. అసలు నెట్‌వర్క్ ఆకారం ఎవరికీ తెలియదు. ఓఎస్‌పీఎఫ్ వాడే లింక్ స్టేట్ పద్ధతిలో ప్రతి రూటర్ తనకు నేరుగా ఉన్న లింకుల గురించి మాత్రమే ఒక ప్రకటన తయారుచేస్తుంది. ఎల్‌ఎస్‌ఏ అని పిలిచే ఆ ప్రకటన మధ్యలో ఎవరూ మార్చకుండా ఏరియా అని పిలిచే ఆ నెట్‌వర్క్ భాగంలోని రూటర్లన్నిటికీ చేరుతుంది. వాటన్నిటినీ ఒకచోట పేర్చుకుంటే నెట్‌వర్క్ పటం తయారవుతుంది. ఆ పటం మీద ప్రతి రూటర్ తనను మూలంగా పెట్టుకుని, డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన అల్గారిథమ్‌తో దగ్గరి దారులు లెక్కకట్టుకుంటుంది. "పటం అందరిదీ ఒక్కటే కావాలి, దారి మాత్రం ఎవరికి వారు వేసుకోవాలి" అని బోర్డు మీద రాసి, ఆ వాక్యం కింద మూడు గళ్లు గీశారు: నైబర్ (పొరుగు రూటర్), డేటాబేస్ (పటం), రూట్ (దారి). లోపం ఏదైనా ఈ మూడింటిలో ఒకచోట మొదలవుతుందనీ, మొదటి గడి సరిగా ఉందని తేలకుండా మూడో గడి గురించి మాట్లాడితే వినననీ ఆ రోజే చెప్పారు.

అందరి దగ్గరా ఒకే పటం ఉండాలన్న నియమం ఎంత కష్టమైనదో చెప్పడానికి ఆయన ఎంచుకున్న ఉదాహరణ ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌ది. 1980 అక్టోబర్ 27న ఆ నెట్‌వర్క్ కొన్ని గంటలపాటు స్తంభించిపోయింది. అప్పటికే అక్కడ లింక్ స్టేట్ రూటింగ్ నడుస్తోంది. ఏ ప్రకటన కొత్తదో తెలుసుకోవడానికి 6 బిట్ల వరుస సంఖ్య వాడేవారు. 63 తర్వాత మళ్లీ సున్నాకు చేరే సంఖ్య అది. ఆ రోజు ఒకే నోడ్ పేరుతో 8, 40, 44 అనే వరుస సంఖ్యలున్న మూడు ప్రకటనలు నెట్‌వర్క్‌లోకి వచ్చాయి. వాటిని బైనరీలో రాయమని మాస్టారు మాతోనే రాయించారు: 101100, 101000, 001000. హార్డ్‌వేర్ లోపం వల్ల ఒక్కో బిట్ రాలిపోయి 44 కాస్తా 40 అయింది, 40 కాస్తా 8 అయింది. చక్రంలా తిరిగే లెక్కలో 40 కంటే 44 కొత్తది, 8 కంటే 40 కొత్తది, 44 కంటే 8 కొత్తది. కాబట్టి ప్రతి నోడ్ తనకు వచ్చిన ప్రతి ప్రకటననూ కొత్తదిగానే భావించి అంగీకరించింది, పొరుగువారికి పంపింది. మిగతా పనికి ప్రాసెసర్‌లో చోటే మిగలలేదు. ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల వరుస అయిన ఆర్‌ఎఫ్‌సీలలో 789వ దానిలో ఈ ఘటన వివరంగా ఉంది. ఆ పత్రాన్ని ఆయన మాతో మొదటి నుంచి చివరి దాకా చదివించారు.

ఆ పాఠం తర్వాత ఓఎస్‌పీఎఫ్ ఎల్‌ఎస్‌ఏ శీర్షంలోని గడులు మాకు వేరేగా కనిపించాయి. అక్కడి వరుస సంఖ్య 32 బిట్లది, చక్రంలా తిరగకుండా కనిష్ఠం నుంచి గరిష్ఠానికి ఒకే దిశలో పెరుగుతుంది. ప్రకటనకు అందులో తప్పు దొర్లితే పట్టిచ్చే చెక్‌సమ్ ఉంటుంది, వయసు ఉంటుంది. పుట్టించిన రూటర్ ప్రతి 1800 సెకన్లకు దాన్ని పునరుద్ధరించాలి. 3600 సెకన్లకు చేరిన ప్రకటనను అందరూ తమ డేటాబేస్ నుంచి తొలగిస్తారు. పరీక్ష కోసం బట్టీపట్టాల్సిన అంకెలుగా అవి మాకు ఎన్నడూ అనిపించలేదు. ఓఎస్‌పీఎఫ్‌ను నిర్వచిస్తూ జాన్ మాయ్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 2328 వెలువడింది 1998లో. అంతకు ముందు తరం వారు పడిన ఇబ్బందులకు ఇచ్చిన జవాబులుగా ఆ అంకెలను చదవడం మాకు అలవాటైంది.

కాన్ఫిగరేషన్ గురించి ఎక్కువ రాయను, అది నిజంగా చిన్నదే. ప్రాసెస్ నంబర్ ఆ రూటర్‌కు మాత్రమే సంబంధించినది కాబట్టి రెండు వైపులా ఒకటే కానక్కరలేదు. ఏరియా నంబర్ మాత్రం లింకుకు రెండు వైపులా ఒకటే ఉండాలి. రూటర్‌కు గుర్తింపుగా ఉండే రూటర్ ఐడీని చేత్తో ఇవ్వాలి. ఇవ్వకపోతే లూప్‌బ్యాక్ (రూటర్ లోపలి ఊహాత్మక ఇంటర్‌ఫేస్) అడ్రస్‌లలో పెద్దది, అదీ లేకపోతే పనిచేస్తున్న ఇంటర్‌ఫేస్‌ల అడ్రస్‌లలో పెద్దది ఐడీగా స్థిరపడుతుంది, రేపు రీబూట్ అయ్యాక అది మారిపోవచ్చు. ఒక్క విషయం దగ్గర మాత్రం మాస్టారు ప్రతి బ్యాచ్‌నూ ఆపేవారు. నెట్‌వర్క్ కమాండ్‌లో మనం రాసే అడ్రస్, అందులో ఏ బిట్లను పట్టించుకోనక్కరలేదో చెప్పే వైల్డ్‌కార్డ్ మాస్క్, ఈ రెండూ ప్రకటించాల్సిన సబ్‌నెట్‌ను చెప్పవు. ఏ ఇంటర్‌ఫేస్‌ల మీద ఓఎస్‌పీఎఫ్ నడవాలో మాత్రమే చెబుతాయి. ఇంటర్‌ఫేస్‌కు ఉన్న మాస్క్‌తోనే ఆ సబ్‌నెట్ ప్రకటన అవుతుంది. ఈ సంగతి తెలియనివారు వైల్డ్‌కార్డ్ మార్చి సబ్‌నెట్ పరిమాణం మార్చాలని చూస్తారు. అందుకే ఇంటర్‌ఫేస్ కిందనే ఏరియా రాసే పద్ధతిని ఆయన ఇష్టపడేవారు, ఇప్పుడు నేనూ అదే వాడతాను.

లోప నిర్ధారణ తరగతులు వేరే తీరుగా ఉండేవి. మేము రాకముందే ఆయన టోపాలజీలో ఎక్కడో ఒక మార్పు చేసి ఉంచేవారు. బోర్డు మీద ఫిర్యాదు మాత్రమే ఉండేది: ఫలానా పీసీ నుంచి ఫలానా సర్వర్‌కు పింగ్ వెళ్లడం లేదు. రన్నింగ్ కాన్ఫిగ్ చూడటం మొదట్లో నిషిద్ధం. కాన్ఫిగ్‌లో మనం టైప్ చేసింది కనిపిస్తుంది గానీ రూటర్ అర్థం చేసుకున్నది కనిపించదని ఆయన వాదన. ముందుగా షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్ ఇచ్చి, అక్కడ కనిపించిన స్థితిని రికార్డులో రాసి, ఆ స్థితి వల్ల ఏయే కారణాలు కొట్టివేయబడ్డాయో దాని పక్కన రాయాలి. అది రాసి ఆయన చేత సంతకం పెట్టించుకున్నాకే తర్వాతి కమాండ్.

ఆ స్థితులు ఎంత చెబుతాయో అప్పుడు తెలిసింది. పట్టికలో నైబరే లేకపోతే, పొరుగు రూటర్లు క్రమం తప్పకుండా పంపుకునే పలకరింపు అయిన హలో ప్యాకెట్ రావడం లేదని గానీ, వచ్చినా తిరస్కరణకు గురవుతోందని గానీ అర్థం: ఏరియా, హలో వ్యవధి, డెడ్ వ్యవధి (హలో రాకపోతే పొరుగు పోయిందనుకునే గడువు), ఆథెంటికేషన్, స్టబ్ గుర్తు (బయటి రూట్లను రానివ్వని ఏరియాకు ఉండేది), ఈథర్‌నెట్ లాంటి లింకుల మీద సబ్‌నెట్ మాస్క్, వీటిలో ఏది తేడా వచ్చినా ఇంతే, ఇంటర్‌ఫేస్‌ను హలోలు పంపకుండా పాసివ్‌గా పెట్టినా ఇంతే. ఇనిట్ దగ్గర ఆగితే వాళ్ల హలో మనకు వస్తోంది గానీ, అందులో మన రూటర్ ఐడీ కనిపించడం లేదు, అంటే మన హలో వాళ్లకు అందడం లేదు, 224.0.0.5 మల్టీకాస్ట్‌నో, 89వ నంబర్ ప్రోటోకాల్‌నో ఏదైనా యాక్సెస్ లిస్ట్ ఒకవైపు అడ్డుకుంటోందేమో చూడాలి. టూవే దగ్గర ఆగితే మాత్రం కంగారు పడనక్కరలేదు. ఒక స్విచ్ మీద ఐదు రూటర్లు ఉంటే జంటలు పది, కానీ అందరి తరఫున ఎన్నికైన ప్రధాన రూటర్ డీఆర్, దాని బదులు సిద్ధంగా ఉండే బీడీఆర్‌లతో మాత్రమే పూర్తి సంబంధం పెట్టుకుంటాయి కనుక ఏడు జంటలే ఫుల్‌కు వెళ్తాయి, మిగిలిన మూడు టూవేలోనే ఉంటాయి. అది లోపం కాదు, ప్రోటోకాల్ కోరుకున్న స్థితి. ప్రయారిటీ పెంచినా పాత డీఆర్ దిగిపోకపోవడం కూడా అలాంటిదే. ఒకసారి ఎన్నికైన డీఆర్ తాను పడిపోయేవరకు కొనసాగుతుంది.

టూవే తర్వాత వచ్చే ఎక్స్‌స్టార్ట్, ఎక్స్‌ఛేంజ్ స్థితుల దగ్గర ఆగిన కేసు మీద మాస్టారు ఒక పూట మొత్తం గడిపారు, నాకు బాగా గుర్తున్న తరగతి అది. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి, "సార్, రెండు వైపులా పింగ్ వెళ్తోంది కదా, మరి నైబర్ ఎందుకు నిలబడటం లేదు?" అని అడిగింది. "ఎంత సైజు పింగ్ వెళ్తోందో చూశావా అమ్మా?" అన్నారాయన. సిస్కో రూటర్ మామూలుగా పంపే పింగ్ 100 బైట్లదే. సైజు 1500 ఇచ్చి, ముక్కలు చేయవద్దనే డీఎఫ్ బిట్ పెట్టి పంపితే ఒకవైపు నుంచి అసలు బయటికే పోలేదు. ఆ ఇంటర్‌ఫేస్‌కు ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్‌కు ఉండగల గరిష్ఠ సైజు, 1400 పెట్టి ఉంది. డేటాబేస్ వివరణ ప్యాకెట్‌లో ప్రతి రూటర్ తన ఎంటీయూ రాస్తుంది. తాను అందుకోగలిగిన దానికంటే పెద్ద అంకె కనిపిస్తే అవతలి రూటర్ ఆ ప్యాకెట్‌ను తిరస్కరిస్తుంది. హలోలు చిన్నవి కాబట్టి నైబర్ పట్టికలో పేరు కనిపిస్తూనే ఉంటుంది, పటం ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం మొదలుకాదు. ఎంటీయూను పట్టించుకోవద్దని చెప్పే కమాండ్ ఒకటి ఉంది. దాన్ని వాడటానికి మాస్టారు ఒప్పుకునేవారు కాదు. ఆ కమాండ్ తనిఖీని తీసేస్తుందే తప్ప లింకును వెడల్పు చేయదు. తర్వాత ఎల్‌ఎస్‌ఏలు మోసే పెద్ద ప్యాకెట్లు దారిలో రాలిపోతే నైబర్ లోడింగ్ దగ్గర ఆగుతుంది, అప్పుడు కారణం వెతకడం ఇంకా కష్టం. ఉద్యోగంలో చూశాక ఆయన మాట నూటికి నూరుపాళ్లు నిజమని నమ్ముతున్నాను.

మొదటి గడి దాటి రెండో గడిలోకి వెళ్లాల్సిన కేసు నాకు ఉద్యోగంలో ఎదురైంది. పరికరాల మార్పిడి జరిగిన మరునాడు ఒక లింకు మీద నైబర్ ఫుల్ అని చూపిస్తోంది, కానీ అవతలి రూట్లు ఒక్కటీ పట్టికలో లేవు. ఇంటర్‌ఫేస్ బాగుంది, నైబర్ బాగుంది, కాబట్టి ప్రోటోకాల్‌ను రీస్టార్ట్ చేద్దామని కొందరు అన్నారు. నేను డేటాబేస్ తెరిచాను. అవతలి రూటర్ ఎల్‌ఎస్‌ఏ మా దగ్గర ఉంది, కానీ దాని పైన, ప్రకటించిన రూటర్‌కు ఈ టోపాలజీలో దారి లేదన్న గమనిక ఉంది. రెండు ఎల్‌ఎస్‌ఏలనూ పక్కపక్కన పెట్టి ఆ లింకు గురించిన పంక్తులు చదివాను. ఒక రూటర్ ఆ లింకును నేరుగా ఇంకో రూటర్‌కు వెళ్లే పాయింట్ టు పాయింట్ లింకుగా వర్ణించింది. రెండో రూటర్ అదే లింకును డీఆర్ ఉన్న ట్రాన్సిట్ నెట్‌వర్క్‌గా వర్ణించింది. ఈ రెండు రకాలకూ హలో 10 సెకన్లు, డెడ్ 40 సెకన్లే కావడంతో నైబర్ సంబంధానికి అడ్డేమీ రాలేదు, డేటాబేస్ కూడా పూర్తిగా చేరింది. కానీ దారి లెక్కించేటప్పుడు ఒక లింకును ఒప్పుకోవాలంటే అవతలి కొస నుంచి కూడా తిరుగు లింకు కనిపించాలి. ఇక్కడ రెండు వర్ణనలూ ఒకదానికొకటి అతకడం లేదు కనుక లెక్కలో ఆ లింకే లేదు. రెండు వైపులా పాయింట్ టు పాయింట్ చేయగానే రూట్లన్నీ వచ్చాయి. నైబర్ పట్టికనే జాగ్రత్తగా చూసినా దీని జాడ దొరికేది: ఒకవైపు ఫుల్ పక్కన గీత మాత్రమే ఉంటుంది, రెండోవైపు ఫుల్ పక్కన ఒక హోదా పేరు ఉంటుంది.

ఒకే రూటర్ ఐడీ రెండు రూటర్లకు పడటం కూడా డేటాబేస్‌లోనే తేలే లోపం. అవి పక్కపక్కనే ఉంటే నైబర్ కుదరదు, లాగ్‌లో సందేశం వస్తుంది, అది సులభం. మధ్యలో ఇంకో రూటర్ ఉంటే రెండూ ఒకే పేరుతో వేర్వేరు ప్రకటనలు ఇస్తూ, ఎదుటివాడి ప్రకటనను పాతదిగా కొట్టేస్తూ పోతాయి. షో కమాండ్‌ను కాస్త వ్యవధితో మళ్లీ మళ్లీ ఇస్తే అరగంటకు ఒక అంకె పెరగాల్సిన వరుస సంఖ్య కళ్లముందే పెరుగుతూ పోతుంది, వయసు గడి చిన్న అంకె దాటదు. ఇక మూడో గడిలో సాధారణంగా మిగిలేది కాస్ట్, అంటే దారి లెక్కలో ఒక్కో లింకుకు వేసే దూరం. పూర్వనిర్ణీతంగా 100 ఎంబీపీఎస్‌ను లింకు వేగంతో భాగిస్తారు కాబట్టి ఫాస్ట్ ఈథర్‌నెట్‌కూ, గిగాబిట్‌కూ, పది గిగాబిట్లకూ కాస్ట్ ఒకటే వస్తుంది. రిఫరెన్స్ బ్యాండ్‌విడ్త్ అనే ఆ 100 ఎంబీపీఎస్‌ను అన్ని రూటర్ల మీదా ఒకే విలువకు పెంచాలి.

ఇప్పుడు ల్యాబ్‌లో ఉన్నవారికీ, దాన్ని నడిపిస్తున్న అధ్యాపకులకూ ఒక సూచన చేయాలనుంది. మాస్టారు తయారుచేసిన ఆ లోపాల అభ్యాసాలన్నిటినీ ఐపీవీ6 కోసం వచ్చిన ఓఎస్‌పీఎఫ్ మూడో వెర్షన్‌పై మళ్లీ చేయించండి. ఐపీవీ4 అడ్రస్ ఒక్కటీ లేని రూటర్‌లో రూటర్ ఐడీని చేత్తో ఇవ్వకపోతే ప్రాసెస్ మొదలే కాదు, ఎందుకంటే ఆ ఐడీ ఈనాటికీ 32 బిట్లదే. పొరుగు సంబంధం ఆ లింకు వరకే చెల్లే లింక్ లోకల్ అడ్రస్‌లతో కుదురుతుంది, హలోలో సబ్‌నెట్ మాస్క్ ఉండదు, కనుక రెండు వైపులా వేర్వేరు ప్రిఫిక్స్‌లు ఇచ్చినా నైబర్ ఫుల్‌కు వెళ్లిపోతుంది. ఎంటీయూ తేడా మాత్రం ఇక్కడ కూడా ఎక్స్‌స్టార్ట్ దగ్గరే ఆపుతుంది. ఏ లోపం పాత స్థితి దగ్గరే ఆగింది, ఏది అసలు లోపమే కాకుండా పోయింది అని రికార్డులో పక్కపక్కన రెండు వరుసల్లో రాయించండి.