అద్దం తలుపు వెనక యాంప్లిఫైయర్: ర్యాక్ చేసి చల్లబరిచిన అనుభవం

8×4 అడుగుల 18 ఎంఎం ప్లైవుడ్ షీట్ ఒక్కటి చాలింది. పక్క పలకలు రెండు 900×500 ఎంఎం, పైది, కిందది 530×500, మధ్య అరలు మూడు 530×460. అంటే అరలు లోపలి లోతు కన్నా 40 ఎంఎం తక్కువ. ఈ 40 ఎంఎం దగ్గరే తర్వాత అసలు పాఠం వచ్చింది. అరలకు జిగురు పెట్టలేదు, మేకులూ కొట్టలేదు. పక్కలకు చెక్క పట్టీలు బిగించి వాటి మీద ఊరికే ఆనించాను. అదే కాపాడింది.

సైజుల లెక్క ఇలా పెట్టుకున్నాను. ఏవీ రిసీవర్ (టీవీ, ప్లేయర్ల శబ్దాన్ని స్పీకర్లకు పంపే యాంప్లిఫైయర్) వెడల్పు 435 ఎంఎం, లోతు 380, ఎత్తు 170. రెండు పక్కలా చెరో 45కు పైనే మిగులుతుంది. వెనక వైర్లు వంగడానికి 80 కావాలి. హెచ్‌డీఎంఐ తీగని అంతకన్నా తక్కువలో మడిస్తే పిన్ను మీద ఒత్తిడి పడుతుంది. రిసీవర్ నెత్తిన కనీసం 100 వదిలాను. దాన్ని పై అరలో పెట్టాను, కింద పెడితే దాని వేడంతా సెట్‌టాప్ బాక్సుకూ ప్లేయర్‌కూ తగులుతుంది. 20 కిలోల పెద్ద యాంప్లిఫైయర్ అయితే బరువు కోసం కిందే పెట్టాలి, అప్పుడు దాని వేడి పైకి పోయే దారి విడిగా కట్టాలి.

ఎంత గాలి కావాలి? గోడ సాకెట్ దగ్గర వాట్ మీటర్ పెట్టి చూస్తే సినిమా నడుస్తుండగా అన్నీ కలిపి 150 వాట్లు. వాట్లను 3తో గుణించి, ఎన్ని డిగ్రీల పెరుగుదల ఒప్పుకుంటామో దానితో భాగిస్తే గంటకు ఎన్ని ఘనమీటర్ల గాలి కావాలో వస్తుంది. 6 డిగ్రీలకైతే 75, అంటే సుమారు 44 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు). రెండు 120 ఎంఎం ఫ్యాన్లు వెనక పలకలో పైభాగాన, గాలిని బయటికి తోసేలా బిగించాను. స్క్రూల మధ్య దూరం 105 ఎంఎం. స్క్రూకి బదులు రబ్బరు పిన్నులు వాడితే పలక గుయ్యిమనదు.

గాలి లోపలికి రావడానికి అడుగు పలకలో ముందువైపు 400×60 ఎంఎం చీలికలు రెండు. ఒకటి సరిపోయేది, కానీ బల్లులు, బొద్దింకలు దూరకుండా దోమల జాలి వేస్తే దారి బాగా తగ్గుతుంది. కాళ్లు 75 ఎంఎం ఎత్తు, వెనక గోడకీ ర్యాక్‌కీ మధ్య 100 ఎంఎం.

గది 34 డిగ్రీలుండగా తలుపు మూసి, ఫ్యాన్లు లేకుండా రెండు గంటలు నడిపితే రిసీవర్ పైన 54 చూపించింది. ఫ్యాన్లు వేస్తే 47. రెండు ఫ్యాన్లకు అది చాలా తక్కువ ఫలితం. అడుగు చీలిక దగ్గర అగరుబత్తి పెట్టి చూస్తే సంగతి తెలిసింది. అరల్ని ముందుకు, తలుపుకి ఆనేలా తోసి, 40 ఎంఎం ఖాళీ వెనక వదిలాను. పొగ ఆ వెనక సందులోంచి నిటారుగా ఎక్కి ఫ్యాన్లోకి పోతోంది, రిసీవర్‌ని తాకడమే లేదు. వైర్ల కోసం వెనక పలకలో కోసిన పెద్ద రంధ్రం కూడా ఫ్యాన్ల కిందే ఉంది, సగం గాలి అక్కణ్ణుంచే లాగుతున్నాయి.

అరల్ని వెనక్కి జరిపాను. ఇప్పుడు ఖాళీ తలుపు వైపు. గాలి ముందు నుంచి ఎక్కి, రిసీవర్ మీదుగా వెనక్కి పోక తప్పదు. వైర్లకు ప్రతి అర వెనక రెండు మూలల్లో చిన్న గంట్లు కోశాను, కరెంటు తీగలు ఎడమ మూల, ఆడియో తీగలు కుడి మూల. పలక రంధ్రాన్ని ఫోమ్‌తో మూశాను. అదే గది, అవే రెండు గంటలు: 42. గది కన్నా 6 డిగ్రీలు ఎక్కువ ఉంటుందని లెక్క అంది, వచ్చింది 8. వేగం తగ్గించిన ఫ్యాన్లకు జాలి అడ్డం ఉంటే అంతే.

వేగం సంగతి. 12 వోల్టుల మీద ఫ్యాన్ చప్పుడు నెమ్మది పాటలో వినబడుతుంది. రెంటినీ సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపితే చెరో 6 వోల్టులు వస్తాయి, కానీ ఒకటి అప్పుడప్పుడూ కదలకుండా ఉండిపోయేది. వోల్టేజీ తగ్గించే ఎల్ఎం2596 బక్ మాడ్యూల్‌తో 7 వోల్టులు పెట్టాక రెండూ ఎప్పుడూ తిరుగుతున్నాయి.

వాటంతటవే ఆన్, ఆఫ్ అవడానికి ముందు కేఎస్‌డీ301 రకం, 45 డిగ్రీల వేడికి ఆన్ అయ్యే స్విచ్ పెట్టాను. అది ఆగాలంటే వేడి పది డిగ్రీలకు పైగా దిగాలి. మే నెలలో గదే 38 ఉంటే ఇక ఆగేదెప్పుడు? తీసేసి డబ్ల్యూ1209 థర్మోస్టాట్ పెట్టాను. దాని సెట్టింగుల్లో పీ0ని సీలో (చల్లబరిచే పద్ధతి), పీ1ని 2లో (ఆన్, ఆఫ్‌ల మధ్య తేడా 2 డిగ్రీలు) ఉంచి, 40 దగ్గర సెట్ చేశాను; వేసవిలో 43కి మారుస్తాను. దాని రిలేకి (ఫ్యాన్లను ఆన్, ఆఫ్ చేసే స్విచ్) 12 వోల్టులు కావాలి, కాబట్టి అడాప్టర్ నుంచి నేరుగా దానికి, రిలే తర్వాత బక్ మాడ్యూల్, ఆ తర్వాత ఫ్యాన్లు. సెన్సార్ రిసీవర్ పైన, ఫ్యాన్లకు ఒక జానెడు దూరంలో.

రిసీవర్ మీద గుడ్డ కప్పే అలవాటుంటే పైదంతా వృథా. పదిహేను రోజులకోసారి జాలి దులపాలి. గది అదే 34 ఉండి, ఫ్యాన్లు తిరుగుతున్నా పాత 42 కాస్తా 45 అయిందంటే జాలి నిండినట్టే.