బండి గుంజుతలేదా, బ్రేకు వదుల్తలేదా?

"బండి గుంజుతలేదన్నా" అని షెడ్డుకు తీసుకుపోతే మొదట ఎయిర్ ఫిల్టర్ మారుతుంది, తర్వాత ఇంజెక్టర్ క్లీనింగ్ అంటారు. రెండు బిల్లులు కట్టినా బండి అట్లనే ఉంటుంది. ఇంజిన్ గుంజకపోవడం వేరు, బ్రేకు చక్రాన్ని వదలకపోవడం వేరు. కానీ యాక్సిలరేటర్ మీదున్న కాలికి రెండూ ఒక్కతీరుగానే తెలుస్తాయి.

ఏదో తేల్చడానికి పానా పట్టే పని లేదు. ముందు టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడండి. డ్రైవర్ డోరు పక్క స్టిక్కర్ మీద అంకె ఉంటుంది. చిన్న కార్లకు ఎక్కువగా 30 నుంచి 33 పీఎస్ఐ. తర్వాత ఖాళీగా, చదునుగా ఉన్న రోడ్డు మీద 40 స్పీడులో న్యూట్రల్ చేయండి. ఇంజిన్ మాత్రం ఆపొద్దు, ఆపితే స్టీరింగూ బ్రేకూ రెండూ గట్టిపడతాయి. అదే రోడ్డు మీద ఎదురు దిక్కున ఇంకోసారి చేస్తే వాలు, గాలి లెక్క కూడా తేలిపోతుంది. సాఫీగా జారుకుంటూ పోతే చక్రాలు మంచిగున్నట్టే. ఇక క్లచ్చూ ఇంజినూ చూడాలి: నాలుగో గేరులో తొక్కినప్పుడు మోత పెరిగి స్పీడు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టు. ఎవరో వెనక నుంచి పట్టి గుంజినట్టు ఆగితే మాత్రం బ్రేకులే.

ఏ చక్రమో వేడి చెప్తుంది. బ్రేకు తక్కువ వాడుతూ పది కిలోమీటర్లు నడిపి, మెల్లగా ఆపి, రిమ్ము దగ్గరికి అరచేయి వెనక భాగం తీసుకుపోండి. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం, అంటే డిస్కును ముట్టొద్దు. ముందువి వెనకవాటి కన్నా వేడిగా ఉండడం మామూలే, కుడి ఎడమల తేడానే అసలు గుర్తు. మన నల్లగొండ ఎండలకు మే నెల మధ్యాహ్నం అన్నీ కాలుతుంటాయి కాబట్టి పొద్దుగాల చూస్తే మేలు.

ఇప్పుడు ఆ చక్రాన్ని లేపాలి. మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, జాకీ కింద స్టాండు కూడా పెట్టండి. ఉత్త జాకీ మీద పని చేయొద్దు. న్యూట్రల్‌లో చేత్తో తిప్పితే డిస్కును పట్టే ప్యాడు కొంచెం రాసుకునే చప్పుడు రావడం తప్పు కాదు. రెండు చేతులు పెట్టి బలంగా తిప్పాల్సి వస్తే తప్పు. బ్రేకు రెండు మూడుసార్లు తొక్కించి, వదిలిన వెంటనే తిప్పి చూడండి. పట్టుకున్నదా? అయితే బ్లీడర్ నిపిల్‌కు, అంటే బ్రేకు వెనక నూనె వదిలే చిన్న మరకు, సన్నటి పైపు తగిలించి, 8 లేదా 10 నంబర్ పానాతో పావు చుట్టు వదులు చేయండి. మొత్తం రోగనిర్ధారణ ఈ ఒక్క పావు చుట్టులోనే ఉంది.

నూనె చిమ్మి చక్రం వదులైతే, లోపల ఒత్తిడి చిక్కుకుపోయింది. ఒక్క చక్రమే అయితే దానికి బ్రేక్ ఆయిల్ తెచ్చే రబ్బరు హోస్‌ను అనుమానించాలి. పైకి నున్నగా కనబడుతుంది గానీ లోపలి పొర ఊడి రెక్కలా వేలాడుతుంది. పెడల్ ఒత్తిడి బలమైంది కాబట్టి దాన్ని తోసుకుని పోతుంది. తిరిగి వచ్చేటప్పుడు ప్యాడును నెట్టే పిస్టన్‌ను వెనక్కి లాగడానికి డిస్కు బ్రేకులో స్ప్రింగు ఉండదు, రబ్బరు సీలు సాగి ముడుచుకునే బలమే దిక్కు. ఆ కొంచెం బలానికి రెక్క తెరుచుకోదు. హోస్ మార్చాల్సిందే, కడిగితే బాగుపడదు. అన్ని చక్రాలూ పట్టుకుంటే పెడల్ తొక్కుడును నూనె ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్ వైపు చూడాలి: పెడల్‌కు ఖాళీ ఆట లేకపోవడం, లేదా ఎవరో బ్రేక్ ఆయిల్ డబ్బాలో ఇంజిన్ ఆయిల్ పోయడం. రెండోది జరిగితే రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి, ఖర్చు తప్పదు.

నిపిల్ విప్పినా చక్రం వదలకపోతే లోపం ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్‌లో ఉంది. దాని రెండు బోల్టులు విప్పి, కాలిపర్‌ను తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకు వేలాడదీయండి, హోస్ మీద బరువు పడొద్దు. లోపలి ప్యాడూ బయటి ప్యాడూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి రేకు దాకా అరిగి ఇంకోటి మందంగా ఉంటే కాలిపర్ అటూ ఇటూ జరిగే స్లైడ్ పిన్నులు పట్టేసి ఉంటాయి. ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగే బండ్లకు పిన్ను రబ్బరు చిరిగితే చాలు, గ్రీజు దుమ్ముతో కలిసి ఎండిన గచ్చులా అవుతుంది. పిన్ను తుడిచి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పలుచగా పూయండి. మామూలు గ్రీజు పెడితే రబ్బరు ఉబ్బుతుంది. ఎక్కువ పూసినా గాలి లోపల చిక్కి పిన్ను వెనక్కి తంతుంది. ఏ పిన్ను ఏ రంధ్రంలోదో గుర్తు పెట్టుకోండి, రెండూ ఒకటి కాకపోవచ్చు. ఇక పిస్టన్ తుప్పు పట్టి లోపలికి నెట్టినా కదలకపోతే కాలిపర్ కిట్ వేయాలి, లేదా కాలిపరే మార్చాలి.

వెనక డ్రమ్ముల కథ వేరు. వానలో తిప్పిన బండికి హ్యాండ్ బ్రేక్ వేసి వారం వదిలేస్తే లోపల రాసుకునే పట్టీలు, అంటే లైనర్లు, డ్రమ్ముకు అతుక్కుంటాయి. బలవంతంగా నడిపితే లైనర్ ఊడొచ్చే ప్రమాదం ఉంది. డ్రమ్ము మీద సుత్తితో మెల్లగా కొట్టి, ముందుకూ వెనక్కీ కదిలించండి. హ్యాండ్ బ్రేక్ రెండు మూడు క్లిక్కులకే బిగిసేలా పెట్టిస్తే కూడా ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది, చాలామంది దాన్ని మంచి బ్రేకు అనుకుంటారు.

యాసంగి వడ్లు రోడ్ల మీద ఆరబోసే రోజుల్లో మిర్యాలగూడ, హాలియా వైపు తిరిగే బండ్లకు ఇంకో సంగతి ఉంది. గడ్డి చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టుకు తాడులా చుట్టుకుని సీలు దాకా పోతుంది. బ్రేకులు విప్పే ముందు ఒకసారి కిందికి వంగి చూడండి.

పని అయ్యాక, బండి కదలక ముందే, పెడల్ గట్టిపడేదాకా పదిసార్లయినా తొక్కాలి. మొదటి తొక్కుకు అది నేలకు పోతుంది. ప్యాడ్లు మారిస్తే రెండు వైపులా కలిపి మార్చండి. బ్రేక్ ఆయిల్ మూత మీద రాసిన రకమే పోయండి, రెండేళ్లకోసారి మార్చండి. పెయింటు మీద చుక్క పడితే వెంటనే నీళ్లతో కడగాలి. ఆ తర్వాత మళ్లీ పది కిలోమీటర్లు నడిపి, అదే రిమ్ము దగ్గర చేయి పెట్టి చూడండి.