ఒక్క భాషే వచ్చినవాళ్ళని ఏమంటారు?

పోయిన జూన్‌లో ఒక శనివారం మా ఇంటికి ఏడెనిమిది కుటుంబాలు భోజనాలకి వచ్చాయి. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఒమాహాలో ఉండే తెలుగువాళ్ళం ఎండాకాలంలో వంతులేసుకుని ఇలా కలుస్తుంటాం. తిన్నాక ఒకాయన పాత జోకు ఒకటి ఎత్తుకున్నాడు. మూడు భాషలు వస్తే ట్రైలింగ్వల్, రెండు వస్తే బైలింగ్వల్, మరి ఒక్కటే వస్తే ఏమంటారు? అమెరికన్! అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. తలెత్తి నా వైపు చూసి మళ్ళీ ఫోన్‌లోకి దించేసుకుంది. రాత్రి పడుకోబోయే ముందు నా దగ్గరికి వచ్చి, "నాన్నా, ఆ జోకు నా గురించేనా?" అని ఇంగ్లీషులో అడిగింది.

దానికి పన్నెండేళ్ళు. ఇక్కడే పుట్టింది. వచ్చింది ఒక్క భాషే. నేను ఏదో సర్దిచెప్పి పంపేశాను గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అమెరికావాళ్ళకి ఇంకో భాష రాదు, నేర్చుకోరు, ఎక్కడికెళ్ళినా అందరూ తమ భాషే మాట్లాడాలనుకుంటారు. ఈ మాట మనం ఇండియాలో ఉన్నప్పుడే విని ఇక్కడికి వస్తాం. ఇక్కడివాళ్ళూ తమ గురించి అలాగే అనుకుంటారు. 2008 ఎన్నికల ప్రచారంలో ఒబామా, యూరప్ వాళ్ళు ఇక్కడికొచ్చి మన భాష మాట్లాడతారు, మనం అక్కడికెళ్తే మెర్సీ బోకూ (ఫ్రెంచ్‌లో థాంక్స్) తప్ప ఏమీ అనలేం, ఇది సిగ్గుగా ఉంటుంది అన్నాడు. ఇంకో పక్క, 2012లో అధ్యక్ష పదవికి పోటీపడ్డ మిట్ రామ్నీ మీద ప్రత్యర్థులు వేసిన ప్రకటనలో ఆయన్ని తప్పుపట్టిన విషయాల్లో ఒకటి ఫ్రెంచ్ మాట్లాడటం. రాకపోతే సిగ్గుచేటు, వస్తే అనుమానం. ఒకే దేశంలో ఈ రెండూ ఎలా ఉంటాయో నాకు చాలాకాలం అర్థం కాలేదు. పక్కింటి పెద్దావిడ వల్లే కొంత అర్థమైంది.

ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు. మా రెండిళ్ళ మధ్యా నడుమెత్తు కంచె. మా అమ్మ గుంటూరు నుంచి వచ్చి ఆర్నెల్లు ఉన్న ఈ వేసవిలో వాళ్ళిద్దరికీ ఆ కంచె దగ్గరే స్నేహం కుదిరింది. ఆవిడ టమాటాలు ఇస్తే అమ్మ గోంగూర కోసిచ్చేది. అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా అరగంట, ముప్పావుగంట నిలబడి మాట్లాడుకునేవాళ్ళు. నేను పిలవగా విని ఆవిడ కూడా అమ్మని "అమ్మా" అనే పిలవడం మొదలుపెట్టింది. పొద్దున్నే కనబడితే "బాగున్నారా" అనేది. ఆ గు దగ్గర తడబడి, మళ్ళీ మొదట్నించీ అనేది. సరిగ్గా వచ్చేదాకా వదిలేది కాదు.

ఒకరోజు నేనే అడిగాను, మీకు ఇంకేమైనా భాష వచ్చా అని. "మా నాన్నకి వచ్చు, మాకు ఇవ్వలేదు" అంది.

ఇవ్వలేదు అనే మాటే వాడింది. ఆస్తి గురించి చెప్పినట్టు.

వాళ్ళది ఇక్కడికి పడమరగా ఉండే సీవార్డ్ కౌంటీ. జర్మన్ రైతుల ఊళ్ళు. తండ్రి 1910లో పుట్టాడు. ఇంట్లో జర్మన్, చర్చిలో జర్మన్, చర్చి నడిపే బడిలో కూడా సగం చదువు జర్మన్‌లోనే. మొదటి ప్రపంచయుద్ధంలోకి అమెరికా దిగాక ఆ భాష శత్రువుల భాష అయిపోయింది. మిస్సోరీ నదికి అవతల ఒడ్డున ఉన్న ఐయోవా రాష్ట్రంలో 1918 మేలో గవర్నర్ హార్డింగ్ ఒక ప్రకటన చేశాడు. బడిలో, రైల్లో, బహిరంగ ప్రదేశాల్లో, చివరికి ప్రార్థనల్లోనూ టెలిఫోన్‌లోనూ ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడకూడదు. ఇటు మా నెబ్రాస్కాలో 1919లో చట్టమే చేశారు. ఏ బడిలోనైనా ఇంగ్లీషులోనే చెప్పాలి, ఎనిమిదో తరగతి పాసయ్యేదాకా పిల్లలకి వేరే భాష నేర్పకూడదు. లాటిన్, గ్రీకు లాంటి ప్రాచీన భాషలకి ఇది వర్తించదని తర్వాత రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఎవరి ఇంట్లోనూ మాట్లాడని భాష నేర్పొచ్చు. అమ్మ మాట్లాడే భాష నేర్పితే నేరం.

అప్పటికి ఆవిడ తండ్రికి తొమ్మిదేళ్ళు. ఒక సోమవారం బడికెళ్ళేసరికి జర్మన్ పుస్తకాలు బల్లల మీద లేవట. ఎందుకో ఎవరూ చెప్పలేదట. ఆయన పెద్దయ్యాక తన పిల్లలతో ఒక్క జర్మన్ ముక్క కూడా మాట్లాడలేదు. ముసలివాళ్ళు మాత్రం వంటింట్లో గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళట. "చిన్నప్పుడు నాకు జర్మన్ అంటే గుసగుసగా మాట్లాడే భాష అని అనిపించేది. గట్టిగా మాట్లాడతారని పాతికేళ్ళొచ్చాక తెలిసింది" అంది.

ఆ మాట విన్నాక నేను కూర్చుని చదవడం మొదలుపెట్టాను. 1915లో ఈ దేశంలో హైస్కూలు పిల్లల్లో దాదాపు నాలుగో వంతు జర్మన్ చదివేవారు. 1922కి నూటికి ఒక్కరు కూడా లేరు. ఏడేళ్ళలో!

జులై చివర్లో ఒక ఆదివారం అమ్మని, అమ్మాయిని తీసుకుని హాంప్టన్ వెళ్ళాను. మా ఇంటి నుంచి రెండు గంటల ప్రయాణం. నాలుగొందల మంది ఉండే ఊరు, చుట్టూ మనిషెత్తు దాటిన మొక్కజొన్న. రాబర్ట్ మేయర్ అనే బడిపంతులు పనిచేసింది ఆ ఊరి చర్చి బడిలోనే. 1920 మే 25న ఆయన మధ్యాహ్నం విరామ సమయంలో పదేళ్ళ పిల్లాడి చేత జర్మన్‌లో బైబిలు కథ చదివిస్తుంటే కౌంటీ ప్రాసిక్యూటర్ తరగతిలోకి వచ్చాడు. మేయర్ ఆపలేదు, ఇంగ్లీషులోకి మారలేదు. పాతిక డాలర్ల జరిమానా పడింది. కట్టనని కోర్టుకెళ్ళాడు. రాష్ట్ర సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. 1923 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఏడుగురు ఒకవైపు, ఇద్దరు ఒకవైపుగా తీర్పిచ్చి ఆ చట్టాన్ని కొట్టేసింది. ఆ తీర్పు పేరు మేయర్ వర్సెస్ నెబ్రాస్కా. ఇప్పటికీ లా కాలేజీల్లో పాఠంగా చెబుతారు.

కేసు గెలిచాడు. కానీ ఆ నాలుగేళ్ళలో ఇళ్ళల్లో జరగాల్సింది జరిగిపోయింది. మా పక్కింటావిడ తండ్రి లాంటివాళ్ళకి ఆ తీర్పు వచ్చిందని తెలిసి ఉంటుందా అనిపించింది. తెలిసినా మనసులో పడిన భయాన్ని తీర్పు ఎలా తీసేస్తుంది?

అమ్మాయికి ఇదంతా కార్లో చెప్పాను. ఆ పిల్లాడికి కూడా జరిమానా వేశారా అని అడిగింది. లేదు, పంతులికే అన్నాను.

ఇది జర్మన్ ఒక్కదానితో మొదలైనదీ కాదు. ఒమాహా అనేది ఇక్కడి ఒక ఆదివాసీ తెగ పేరు. వాళ్ళ భాష మాట్లాడగలిగినవాళ్ళు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఇదే రాష్ట్రంలో జెనోవా అనే ఊళ్ళో 1884 నుంచి 1934 దాకా ప్రభుత్వం ఒక హాస్టల్ బడి నడిపింది. ఎన్నో తెగల పిల్లల్ని ఇళ్ళ నుంచి తెచ్చి, సొంత భాష మాన్పించి ఇంగ్లీషు నేర్పడానికే ఆ బడి. దాని గురించి రాయాలంటే వేరే పోస్టు కావాలి. ఇప్పుడు చెయ్యి రావడం లేదు.

కాబట్టి అమెరికావాళ్ళకి భాషలు రావు అని ఎవరైనా అంటే నాకిప్పుడు కోపం వస్తుంది. ఏ అమెరికావాళ్ళు? దక్షిణ ఒమాహాలో 24వ వీధికి వెళ్తే షాపుల బోర్డులన్నీ స్పానిష్‌లో ఉంటాయి. మాంసం ప్యాకింగ్ ప్లాంట్లలో పనిచేసేవాళ్ళు అక్కడ కొనుక్కుంటారు. ఈ దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు ఇంట్లో ఇంగ్లీషు కాని భాష మాట్లాడతారు. జోకు చెప్పుకునేటప్పుడు వాళ్ళని మనం అమెరికన్లుగా లెక్కేయం. మనల్ని మనమూ లెక్కేసుకోం. మన పిల్లల్ని మాత్రం ఏం చేస్తాం?

దూరాల సంగతి కూడా చూడాలి. గుంటూరు నుంచి ఒక రాత్రి రైలెక్కితే పొద్దున్నే తమిళమో కన్నడమో ఒరియానో వినబడుతుంది. ఒమాహా నుంచి రెండు రోజులు కారు నడిపినా పెట్రోలు బంకులో అదే ఇంగ్లీషు. అవసరం పడనివాళ్ళు ఎందుకు నేర్చుకోలేదని అడగడం నాకు సబబుగా తోచదు. అవసరం లేకపోయినా నేర్చుకోవాలనుకున్నవాళ్ళని మనం ఏం చేస్తున్నామో చూడండి. మా ఆఫీసులో ఒకాయన 2023లో హైదరాబాద్ ఆఫీసుకి వెళ్ళాల్సి వచ్చింది. దానికి ముందు నాలుగు నెలలు లంచ్ టైములో నా దగ్గర తెలుగు నేర్చుకున్నాడు. ఒక చిన్న నోట్‌బుక్, అందులో నలభై వాక్యాలు. కుడివైపు తిప్పండి, కారం తక్కువ వేయండి, మళ్ళీ కలుద్దాం. ళ పలకడానికి రెండు వారాలు పట్టింది. తిరిగొచ్చాక ఎలా జరిగిందని అడిగితే మొహం చిన్నబుచ్చుకుని, "ఎవరూ నన్ను మాట్లాడనివ్వలేదు" అన్నాడు. హోటల్లో "మంచినీళ్ళు కావాలండీ" అంటే కుర్రాడు "స్టిల్ ఆర్ స్పార్క్లింగ్, సర్?" అన్నాడట. ఆఫీసులో నోరు విప్పితే చాలు అందరూ మూగి, ఎంత ముద్దుగా ఉందో అని వీడియోలు తీసి, ఆ వెంటనే ఇంగ్లీషులోకి మారిపోయారట. నలభై వాక్యాలకీ జవాబు తెలుగులో రెండుసార్లే వచ్చిందట, ఒకసారి ఆటో ఆయన దగ్గర, ఒకసారి పళ్ళబండి ఆవిడ దగ్గర. వాళ్ళిద్దరి గురించే ఎక్కువసేపు చెప్పాడు.

అమెరికా ప్రభుత్వం తన దౌత్యాధికారులకి తెలుగు నేర్పడానికి 44 వారాలు, అంటే 1100 గంటలు కేటాయిస్తుంది. స్పానిష్‌కైతే అంతకన్నా చాలా తక్కువే సరిపోతుందంటారు. మన భాష వాళ్ళకి ఎంత కష్టమో అందులోనే ఉంది. అంత కష్టపడి వచ్చినవాళ్ళకి తెలుగులో జవాబివ్వడం మనకి కష్టం కాకూడదు.

మా అమ్మకి మాత్రం తెలుగు మాట్లాడే అమెరికావాళ్ళంటే వింతేమీ కాదు. ఆవిడ 1952లో గుంటూరు కుగ్లర్ ఆస్పత్రిలో పుట్టింది. పెన్సిల్వేనియా నుంచి 1883లో గుంటూరు వచ్చి, 1930లో అక్కడే కన్నుమూసిన మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ పేరుతో ఉన్న ఆస్పత్రి అది. అమ్మ చిన్నప్పుడు కూడా అక్కడ దొరసాని డాక్టరమ్మలు ఉండేవాళ్ళట. "నొప్పి ఎక్కడమ్మా, ఇక్కడా, అనేది ఆవిడ. మనలాగే. పల్లెటూరి వాళ్ళతో వాళ్ళలాగే మాట్లాడేది" అంటుంది. జోకు సంగతి అమ్మకి చెబితే నవ్వలేదు. "వాళ్ళకి రాదంటావేంట్రా, మన పిల్లకే రావట్లేదు" అంది.

అవును. అది నా తప్పు, మా ఇద్దరి తప్పు. 2018లో అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో చేరినప్పుడు టీచర్ పిలిచి, పిల్ల తరగతిలో మాట్లాడటం లేదు, ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి అంది. మంచి మనసుతోనే చెప్పింది. నేనూ మా ఆవిడా ఆ సాయంత్రమే మారిపోయాం. ఆర్నెల్లకి పిల్ల గడగడా మాట్లాడేసింది. మేం సంబరపడ్డాం. గుంటూరుకి వీడియో కాల్ చేస్తే హాయ్ నానమ్మా, బై నానమ్మా, మధ్యలో నేను అనువాదం. ఏ గవర్నరూ మాకు ప్రకటన పంపలేదు. ఏ కోర్టూ జరిమానా వేయలేదు. సీవార్డ్ కౌంటీలో పుస్తకాలు తీసేయడానికి ఒక చట్టం కావాల్సొచ్చింది, మా ఇంట్లో ఒక టీచర్ మాట సరిపోయింది.

అమ్మ తిరిగి వెళ్ళే వారం ముందు పక్కింటావిడని భోజనానికి పిలిచాం. ముద్దపప్పు, గోంగూర పచ్చడి, ఆవిడ కోసం కారం లేకుండా బంగాళాదుంప వేపుడు. తినబోయే ముందు ఆవిడ చేతులు జోడించి కళ్ళు మూసుకుని నాలుగు ముక్కలు అంది. అది ఇంగ్లీషు కాదు. వాళ్ళ నానమ్మ అన్నం ముందు చెప్పే జర్మన్ ప్రార్థన, ప్రభువా వచ్చి మా అతిథిగా ఉండు అని అర్థమట. ఆ భాషలో ఆవిడకి మిగిలింది అంతే. మాటకి మాట అర్థం తెలియదు, వరసగా మాత్రం వచ్చు.

అమ్మ ఇంకోసారి అనమంది. ఆవిడ అంది. అమ్మ లేచి వెళ్ళి, పాల లెక్కలు, ఫోన్ నంబర్లు రాసుకునే తన నోట్‌బుక్ తెచ్చి, ఆవిడ ఒక్కో ముక్కా అంటుంటే తెలుగులో రాసుకుంది. తర్వాత కళ్ళజోడు సర్దుకుని పైకి చదివింది. పక్కింటావిడ చెంచా కింద పెట్టేసింది. వాళ్ళ నానమ్మ పోయాక ఇంకొకరి నోట ఆ మాటలు వినడం అదే మొదటిసారి అని, చాలాసేపు అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చుంది.

మర్నాడు సాయంత్రం చూస్తే అమ్మాయి ఆ నోట్‌బుక్ పట్టుకుని నానమ్మ పక్కన మంచం మీద కూర్చుని ఉంది. మొదటి అక్షరం మీద వేలు పెట్టి, ఇదేంటి అని అడుగుతోంది.

"కకి ఒత్వమిస్తే కొ" అంది అమ్మ. "పక్కనున్నది మ్. ఏదీ, కలిపి చదువు."

"కొ... కొమ్."

"ఆఁ. ఇప్పుడు ఆ తర్వాతది."