"మరి దేవుణ్ణి ఎవరు చేశారు?" అంటే వాదన అయిపోయినట్టేనా

ప్రతిదానికీ ఓ కారణం ఉంటుంది కాబట్టి విశ్వానికీ ఉండాలి, అదే దేవుడు అని ఒకరంటారు, మరి దేవుడికి కారణమెవరు అని ఇంకొకరు అడుగుతారు, ఇక ఎవరికి వాళ్ళు గెలిచేశామనుకుంటారు. నిజానికి 11వ శతాబ్దంలో ఇస్లామిక్ తత్వవేత్త అల్ గజాలీ చెప్పింది ప్రతిదానికీ అని కాదు, మొదలైన ప్రతిదానికీ అని. మొదలే లేని దేవుడికి ఆ రూల్ వర్తించదు, సో ఆ ఎదురు ప్రశ్న గజాలీ వాదనకి తగలనే తగలదు.

సరే, విశ్వం మొదలైందని ఎలా తెలుసు? బిగ్ బ్యాంగ్ ఉంది కదా అంటారు. అది చెప్పేది సుమారు 1380 కోట్ల ఏళ్ళ కిందట అంతా విపరీతమైన వేడిగా, దట్టంగా ఉండి అక్కడ్నుంచి విస్తరించిందని, అంతకుముందు ఏమీ లేదని కాదు. 1931లో ఆ ఐడియాకి తొలి రూపం ఇచ్చిన భౌతిక శాస్త్రవేత్త లెమైత్ర్ స్వయానా కాథలిక్ ప్రీస్ట్, ఆయనే దీన్ని మతం ప్రశ్నలతో కలపలేదు.

నాకు క్రైస్తవ తత్వవేత్త అక్వినాస్ పద్ధతి ఇంకా గట్టిగా అనిపిస్తుంది. విశ్వానికి మొదలుందని తర్కంతో నిరూపించలేం, అది నమ్మకం విషయం అనేశాడాయన 13వ శతాబ్దంలోనే. ఆయన అడిగేది వేరు: కర్ర కదలాలంటే దాన్ని పట్టుకున్న చెయ్యి ఇప్పుడు కదులుతుండాలి, అలాగే ఈ క్షణాన అన్నిటినీ నడిపిస్తున్నదేంటి అని. అంటే విశ్వం అనాది అని తేలినా ఆయన ప్రశ్న అలాగే ఉంటుంది.

ఇలాంటి వాదనకి బ్రిటిష్ తత్వవేత్త రస్సెల్ 1948లో బీబీసీ రేడియోలో కాథలిక్ ప్రీస్ట్ కోపుల్‌స్టన్‌తో వాదిస్తూ, ప్రతి మనిషికీ తల్లి ఉంది కదా అని మానవజాతి మొత్తానికి ఓ తల్లి ఉండాలా అన్నాడు. మన దగ్గర కూడా కుండకి కుమ్మరి ఉన్నట్టే జగత్తుకీ కర్త ఉండాలని తర్కానికి పెద్దపీట వేసే న్యాయ దర్శనం వాళ్ళు వాదిస్తే, ఇంకో దర్శనమైన మీమాంసకి చెందిన కుమారిలుడు జగత్తు మొత్తం ఒక్కసారిగా పుట్టిందనడాన్నే ఒప్పుకోలేదు, అదీ వేదాన్ని నమ్ముతూనే!

రస్సెల్ పాయింట్ కరెక్టే, కానీ విశ్వం ఊరికే ఉంది అంతే అని ఆయన ఆగిపోవడం నాకు మింగుడుపడదు. అట్లాగని క్వాంటమ్ ఫిజిక్స్‌లో కారణం లేకుండానే జరుగుతాయి కదా అనే జవాబు కూడా సరిపోదు. ఒక యురేనియం పరమాణువు సరిగ్గా ఇప్పుడే ఎందుకు విచ్ఛిన్నమైందో చెప్పలేం, నిజమే, కానీ అక్కడ ముందు పరమాణువంటూ ఒకటి ఉంది, దానికి నియమాలూ ఉన్నాయి. అవెందుకున్నాయి అనేదేగా మనం అడుగుతున్నది.