శ్లాబుల కరెంటు బిల్లుకు ఒకే ఫార్ములా
విజయనగరంలోని మా ఇంటి కరెంటు బిల్లును సరిచూసేందుకు ఎక్సెల్‌లో ఇఫ్‌ అనే షరతు ఫంక్షన్ లోపల మరో ఇఫ్‌ పెట్టి రాసిన ఫార్ములా రెండు నెలలకే నాకే అర్థం కాకుండా పోయింది. 2022 నాటి గృహ టారిఫ్‌లో తొలి 30 యూనిట్లకు 1.90, ఆపై 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00 రూపాయల చొప్పున ధర ఉంది. శ్లాబు దాటితే పై ధర దాటిన యూనిట్లకే పడుతుంది. అందువల్ల 0, 30, 75, 125 హద్దులను ఒక నిలువు వరుసలోనూ, ధరల పెరుగుదలలైన 1.90, 1.10, 1.50, 1.50లను పక్క వరుసలోనూ ఉంచి, ప్రతి హద్దుకు పైనున్న యూనిట్లను దాని పెరుగుదలతో గుణించి కూడే పనిని ఎక్సెల్‌లోని సమ్‌ప్రొడక్ట్‌ అనే ఫంక్షన్‌కు అప్పగించాను. వాడకం హద్దును దాటిందా అన్న షరతుతోనూ గుణించకపోతే రుణసంఖ్యలు చేరి మొత్తం తగ్గిపోతుంది (నేను మొదట మరచినది అదే). 140 యూనిట్లకు 266, 121, 97.50, 22.50 కలిసి 507 రూపాయలు వచ్చాయి. స్థిర ఛార్జీ, విద్యుత్ సుంకం వేరే గడులలో చేర్చుకోవాలి.